నాంగ్ ఖాయ్: మెకాంగ్ ఒడ్డున విదేశీ అల్లుళ్లు

నాంగ్ ఖాయ్ థాయ్‌లాండ్ ఈశాన్య ప్రాంతమైన ఈసాన్‌లో, మెకాంగ్ నది కుడి గట్టున ఉన్న పట్టణం. అదే పేరుగల చాంగ్‌వాట్‌కు, అంటే మన జిల్లా వంటి పాలనా విభాగానికి, కేంద్రం. బ్యాంకాక్ నుంచి ఆరు వందల కిలోమీటర్ల పైచిలుకు దూరం. రాజధాని నుంచి వచ్చే ఈశాన్య రైలు మార్గం, రెండో నంబరు జాతీయ రహదారి రెండూ ఇక్కడే నదిని చేరతాయి. అవతలి గట్టు లావోస్. వంతెన దాటితే ఆ దేశ రాజధాని వియాంటియాన్ పాతిక కిలోమీటర్లకు మించదు. ఈ ఊరికి సముద్రం లేదు, పేరుమోసిన కొండలు లేవు, చెప్పుకోదగ్గ భారీ పరిశ్రమలూ లేవు. అయినా ఐరోపా, అమెరికా, ఆస్ట్రేలియాల నుంచి వచ్చినవాళ్లు, అందులోనూ ఉద్యోగ విరమణ చేసిన మగవాళ్లు, ఇక్కడా చుట్టుపక్కల పల్లెల్లోనూ ఏళ్ల తరబడి కాపురం ఉంటున్నారు. థాయ్‌లు వీళ్లందరినీ కలిపి ఫరాంగ్‌లంటారు. వీళ్ల రాకకు మామూలుగా చెప్పే కారణాలు మూడు: ఖర్చు తక్కువ, బతుకు నిదానం, నది అందం. మూడూ నిజమే కానీ, అవి ఉన్న ఊళ్లు థాయ్‌లాండ్‌లో ఇంకా ఎన్నో ఉన్నాయి. ఈ ఊరే ఎందుకన్న ప్రశ్నకు ఆ మూడింటిలో జవాబు దొరకదు. నాంగ్ ఖాయ్‌లో విదేశీయుల జీవితాన్ని విహారంగానో, వలస పాలన నాటి దొరల కాలనీగానో చూస్తే బోధపడదు. అది తీరులో ఇల్లరికం. వచ్చినవాడు ఊరికి రాలేదు, ఒక ఇంటికి వచ్చాడు. చట్టం, భూమి, డబ్బు, వైద్యం దేన్ని తీసుకున్నా ఈ మాటకే సాక్ష్యం పలుకుతుంది.

వలసలు కట్టిన ఊరు

నాంగ్ ఖాయ్ చరిత్రే వలసల చరిత్ర. వియాంటియాన్ రాజు అనువాంగ్ సియాం (నేటి థాయ్‌లాండ్) మీద తిరగబడి ఓడిపోయిన 1827–28 యుద్ధంలో సియాం సేనలు వియాంటియాన్‌ను నేలమట్టం చేసి, అక్కడి జనాన్ని పెద్ద ఎత్తున నదికి ఇవతలకు తరలించాయి. నాంగ్ ఖాయ్ ఈ ప్రాంతపు పాలనా కేంద్రంగా ఎదిగింది ఆ కాలంలోనే. 1893లో సియాం ఎడమ గట్టును ఫ్రాన్స్‌కు వదులుకోవడంతో, ఒకే భాష మాట్లాడే రెండు గట్ల మధ్య నది అంతర్జాతీయ సరిహద్దయింది. ఇప్పటికీ ఇక్కడి ఇళ్లలో వినిపించే ఈసాన్ మాట లావో భాషకు దగ్గర, బ్యాంకాక్ థాయ్‌కి దూరం. 1946లో ఫ్రెంచి సైన్యం లావోస్‌ను మళ్లీ ఆక్రమించుకున్నప్పుడు వేలాది వియత్నామీయులు మెకాంగ్ దాటి ఈసాన్‌కు వచ్చి, నది ఒడ్డు పట్టణాల్లో తలదాచుకున్నారు. కమ్యూనిస్టులన్న అనుమానంతో థాయ్ ప్రభుత్వాలు దశాబ్దాల పాటు వాళ్ల రాకపోకల మీద ఆంక్షలు పెట్టాయి. పౌరసత్వం 1990ల దాకా విరివిగా అందలేదు. ఇవాళ మాత్రం నాంగ్ ఖాయ్ పేరు చెప్పగానే థాయ్‌లకు గుర్తొచ్చే వంటకం వాళ్లదే. కాల్చిన పంది మాంసపు ముద్దను పలుచని బియ్యపు రేకులో పెట్టి, ఆకుకూరలు, పచ్చి అరటికాయ ముక్కలు, వెల్లుల్లి, మిరపకాయ జోడించి, చుట్ట చుట్టి చిక్కటి పులుసులో ముంచి తింటారు. దాన్ని నేమ్‌నువాంగ్ అంటారు. 1975లో లావోస్ కమ్యూనిస్టుల చేతికి వెళ్లాక మరో విడత శరణార్థులు వచ్చారు. బున్‌లువా సులిలాట్ అనే సాధు కళాకారుడు కూడా ఆ మార్పుల తరువాత నది దాటినవాడే. వియాంటియాన్ దగ్గర 1958లో ఒక శిల్పవనాన్ని మొదలుపెట్టిన ఆయన, 1978 నుంచి నాంగ్ ఖాయ్‌లో సాలా కేయో కూ పేరుతో మరొకటి కట్టించారు. బుద్ధుడు, శివుడు, విష్ణువు, వినాయకుడు, ఏడు పడగల నాగుడు అక్కడ సిమెంటుతో పోతపోసిన మహా విగ్రహాలుగా కనిపిస్తారు. ఊరి ముఖ్య ఆకర్షణ ఒక కాందిశీకుడి చేతి పని, ఊరి వంటకం మరో కాందిశీకుల వంటింటిది. దీన్నిబట్టి ఒకటి తేలుతోంది. బయటివాళ్లను కలుపుకోవడం ఈ ఊరికి కొత్త కాదు. అయితే ఆ కలయిక ఒక్క తరంలో పూర్తి కాదు, పిల్లల ద్వారానే నిలదొక్కుకుంటుంది.

ఫరాంగ్‌లు ఎలా వచ్చారు

పాశ్చాత్యులు ఈసాన్‌కు పెద్ద సంఖ్యలో మొదట వచ్చింది యుద్ధంతో. నాంగ్ ఖాయ్‌కు దక్షిణంగా యాభై కిలోమీటర్ల చిల్లర దూరంలో ఉన్న ఉడాన్ థానీలో 1964 నుంచి 1976 వరకు అమెరికా వైమానిక దళం స్థావరం నడిపింది. వియత్నాం, లావోస్‌ల మీద బాంబులు వేసిన విమానాలు అక్కడి నుంచీ లేచేవి. సైనికులతో పాటు బార్లు, అద్దె ఇళ్లు, వాళ్లతో కాపురం చేసిన స్థానిక స్త్రీలు, ఆ సంతానం అన్నీ అప్పుడే ఈసాన్ సమాజంలో భాగమయ్యాయి. సైన్యం వెళ్లిపోయాక దిశ మారింది. వానల మీదే ఆధారపడిన వరి, ఇసుక పాలు ఎక్కువైన నేలలు, దేశంలోకెల్లా తక్కువ ఆదాయాలు ఈసాన్ యువతను బ్యాంకాక్‌కు, పట్టయాకు, ఫుకెట్‌కు తరిమాయి. విదేశీయులతో పరిచయాలు ఆ ఊళ్లలోనే జరిగాయి. ఆ తరువాత చాలామంది స్త్రీలు భర్తల వెంట జర్మనీకో, స్విట్జర్లాండ్‌కో, స్వీడన్‌కో వెళ్లారు. ఇంకొందరి భర్తలు పింఛను రాగానే భార్య పుట్టింటికి చేరారు. 2000ల తొలి ఏళ్లలో థాయ్ ప్రభుత్వ ప్రణాళికా మండలి జరిపిన సర్వేలో విదేశీయుల్ని పెళ్లాడిన ఈసాన్ స్త్రీలు సుమారు 20 వేల మంది అని తేలింది. అంటే సగటు ఫరాంగ్ పటం ముందేసుకుని నాంగ్ ఖాయ్‌ని ఎంచుకోలేదు. ఫలానా పల్లెలో అత్తగారి ఇల్లుంది, ఆ పల్లెకు దగ్గరి పట్టణం ఇది, అంతే. నది అందం అతన్ని ఇక్కడ ఉండనిచ్చి ఉండొచ్చు. ఇక్కడికి రప్పించింది మాత్రం పెళ్లి.

ఈ పెళ్లి ఈసాన్ సంప్రదాయంలో పెద్ద ఇబ్బంది లేకుండానే ఇమిడింది. కారణం ఆ సంప్రదాయమే. ఇక్కడ పెళ్లయ్యాక వరుడు వధువు ఇంటికి రావడమే ఆనవాయితీ. కొన్నాళ్లు మామగారి పొలంలో పని చేసి, తరువాత దగ్గర్లోనే వేరు కాపురం పెడతాడు. తల్లిదండ్రుల్ని చివరిదాకా చూసుకునే బాధ్యత, దానితో పాటు ఇల్లు, చిన్న కూతురికి దక్కుతాయి. పెళ్లి నాడు వరుడు వధువు తల్లిదండ్రులకు సిన్‌సోత్ చెల్లిస్తాడు; ఒకప్పటి మన ఓలి వంటిదే అది. తెలుగునాట మగపిల్లలు లేని ఇంట్లో మినహాయింపుగా జరిగే ఇల్లరికం అక్కడ మామూలు పద్ధతి. ఫరాంగ్‌తో మారిందల్లా అల్లుడు ఇచ్చే వస్తువు. పాత అల్లుడు దుక్కి దున్ని మామగారి రుణం తీర్చుకుంటే, కొత్త అల్లుడు పింఛనుతో తీర్చుకుంటున్నాడు. కన్నవాళ్ల మేలుకు బదులు తీర్చడాన్ని థాయ్‌లు బున్‌ఖున్ అంటారు. ఈసాన్‌లో ఆ బరువు ఎక్కువగా కూతుళ్ల మీదే ఉంటుంది. ఉడాన్ థానీ ప్రాంతపు పల్లెను ఏళ్ల పాటు పరిశీలించిన పట్చరిన్ లపానున్ తన పుస్తకానికి ప్రేమ, డబ్బు, బాధ్యత అన్న మూడు మాటలను కలిపి పేరు పెట్టడం ఇందుకే తగినట్టుంది. వాటిలో ఏ ఒక్కటి తీసేసినా ఆ కాపురాలు అర్థం కావు.

ఏడాదికోసారి అనుమతి

థాయ్ వలస చట్టం 1979 నాటిది. దాని చట్రంలో ఉద్యోగ విరమణ కారణంగా ఉండదలచిన విదేశీయుడికి 50 ఏళ్లు నిండాలి. థాయ్ బ్యాంకులో 8,00,000 బాట్‌లు గానీ, నెలకు 65,000 బాట్‌ల ఆదాయం గానీ చూపాలి. థాయ్ భార్య ఉన్నవాడికి అదే పరిమితి 4,00,000 బాట్‌లకు, లేదా నెలకు 40,000కు దిగుతుంది. వయసు నిబంధనే ఉండదు. అల్లుడికి చట్టమే సగం రాయితీ ఇచ్చిందన్నమాట. దేనిమీద వచ్చినా అనుమతి ఏడాదికే; 1,900 బాట్‌ల రుసుము కట్టి మళ్లీ పొడిగించుకోవాలి. 2019 నుంచి నిబంధన ఇంకా బిగిసింది. విరమణ అనుమతికి చూపే ఎనిమిది లక్షలూ దరఖాస్తుకు రెండు నెలల ముందు నుంచి, అనుమతి వచ్చాక మూడు నెలల దాకా కదలకుండా ఉండాలి; మిగతా ఏడాదిలోనూ నిల్వ నాలుగు లక్షల కిందికి పోకూడదు. అదే సమయంలో బ్రిటన్, అమెరికా, ఆస్ట్రేలియా రాయబార కార్యాలయాలు ఆదాయ ధ్రువపత్రాలు ఇవ్వడం మానేయడంతో, నెలనెలా విదేశం నుంచి థాయ్ బ్యాంకుకు డబ్బు వచ్చినట్టు రుజువు చూపాల్సి వచ్చింది.

ఇంత చేసినా ప్రతి 90 రోజులకు ఒకసారి ఎక్కడ ఉంటున్నాడో వలస శాఖకు తెలపాలి. తెలిపినందుకు గుర్తుగా, తరువాతి తేదీ వేసిన చిన్న కాగితం ముక్కను పాస్‌పోర్టులో పిన్ను కొట్టి ఇస్తారు. గడువు దాటితే 2,000 బాట్‌ల జరిమానా. విదేశీయుడు తమ ఇంట దిగిన 24 గంటల్లోగా ఆ సంగతి ఇంటి యజమానే అధికారులకు తెలపాలని ఇంకో నిబంధన. నాంగ్ ఖాయ్‌లో దీనికి నది మరో మెలిక పెట్టింది. 1994 ఏప్రిల్ 8న ఆస్ట్రేలియా నిధులతో ప్రారంభమైన, 1,170 మీటర్ల పొడవైన మైత్రీ వంతెన ఊరి చివరే ఉంది. వియాంటియాన్‌లో భోంచేసి సాయంత్రానికి తిరిగి రావడం ఎవరికైనా సులువే. తిరిగి ప్రవేశించే అనుమతిని ముందే తీసుకోకుండా వంతెన దాటిన ఫరాంగ్‌కు మాత్రం ఏడాది అనుమతి అక్కడికక్కడే రద్దవుతుంది. ఒకసారికి 1,000, పలుమార్లకు 3,800 బాట్‌లు దాని వెల. అతని భార్యకు ఆ వంతెన మార్కెట్టుకు పోయే దారి, అతనికి మాత్రం దేశం విడిచిపోయే ద్వారం.

భూమి ఎవరి పేరున

1954 నాటి భూమి చట్టం ప్రకారం విదేశీయుడు సాధారణంగా థాయ్ నేలను సొంతం చేసుకోలేడు. అపార్ట్‌మెంటు భవనాల్లో 49 శాతం విస్తీర్ణం దాకా విదేశీయులు కొనవచ్చు గానీ, అవి బ్యాంకాక్‌లో, సముద్రతీర పట్టణాల్లో దొరికినంతగా ఈసాన్ చిన్న ఊళ్లలో దొరకవు. ఇక్కడ ఇల్లంటే నేల మీద కట్టిందే. అందుకే నేల భార్య పేరున కొంటారు. 1999 దాకా విదేశీయుణ్ణి పెళ్లాడిన థాయ్ స్త్రీకి ఆ హక్కూ అందేది కాదు. ఆ ఏడాది వచ్చిన ఉత్తర్వుతో దారి తెరుచుకుంది. దానికో షరతుంది. రిజిస్ట్రేషన్ రోజున భూమి కార్యాలయంలో భార్యాభర్తలిద్దరూ అధికారి ముందు కూర్చుని, ఈ కొనుగోలు సొమ్ము పూర్తిగా భార్య సొంతమని, ఇందులో భర్తకు ఏ వాటా లేదని సంతకాలు చేయాలి. జీవితాంతం కూడబెట్టింది తెచ్చి పోసిన మనిషి, అందులో తనది పైసా లేదని రాసిచ్చి బయటికి వస్తాడు.

ఆ తరువాత రక్షణకు ఉన్న మార్గాలు పరిమితం. 30 ఏళ్ల కౌలు రాసుకోవచ్చు. లేదా బతికున్నన్నాళ్లు అనుభవించే హక్కును పట్టా వెనుక నమోదు చేయించుకోవచ్చు. కానీ వైవాహిక కాలంలో భార్యాభర్తలు చేసుకున్న ఆస్తి ఒప్పందాన్ని ఇద్దరిలో ఎవరైనా రద్దు చేసుకోవచ్చని థాయ్ పౌర స్మృతి 1469వ సెక్షన్ చెబుతుంది. అందువల్ల ఆ రక్షణ కూడా బంధం బాగున్నంత కాలమే. భార్య ముందు చనిపోతే వారసుడిగా నేల దక్కినా, దాన్ని ఉంచుకోవడానికి ప్రత్యేక అనుమతి కావాలి. అది అందడం దాదాపు లేదు గనుక గడువులోగా అమ్ముకోవాలి. పాత కాలపు ఇల్లరికపు అల్లుడి పరిస్థితి ఇదే కదా: ఇంట్లో ఉంటాడు, ఇంటికి పెడతాడు, ఇల్లు మాత్రం అతనిది కాదు.

పింఛను, మారకపు రేటు, వైద్యం

ఖర్చు తక్కువ అన్న వాదన వచ్చిన రోజు లెక్కకే నిలుస్తుంది. 2000ల మధ్యలో బ్రిటిష్ పౌండుకు 70 బాట్‌ల పైన వచ్చేవి. 2016లో ఐరోపా సమాఖ్య నుంచి వైదొలగాలన్న ప్రజాభిప్రాయం తరువాత అది 45 కిందికి దిగింది. వెయ్యి పౌండ్ల మీద నెల గడుపుకునే మనిషికి, తన తప్పేమీ లేకుండా మూడో వంతుకు పైగా ఆదాయం కరిగిపోయింది. దానికి తోడు బ్రిటన్ ప్రభుత్వం థాయ్‌లాండ్‌లో ఉండే తన పింఛనుదార్లకు ఏటేటా పెంపు ఇవ్వదు. 2016లో కొత్త రాజ్య పింఛను పూర్తి మొత్తం వారానికి 155.65 పౌండ్లు, 2024 ఏప్రిల్‌లో స్వదేశంలో ఉన్నవారికి అది 221.20కి చేరింది. 2016లో ఇక్కడ అందుకోవడం మొదలుపెట్టిన మనిషి పాత మొత్తం దగ్గరే ఆగిపోయాడు. పౌండుకు 45 బాట్‌ల చొప్పున చూస్తే అది నెలకు 30 వేల పైచిలుకు బాట్‌లు. వివాహితుడికి చట్టం అడిగే 40 వేలకు కూడా చాలదు. 2024 జనవరి 1 నుంచి, ఏడాదిలో 180 రోజులు లేదా అంతకుమించి థాయ్‌లాండ్‌లో ఉండేవారు విదేశీ ఆదాయాన్ని దేశంలోకి తెచ్చుకుంటే, ఆ తేదీ నుంచి ఆర్జించినదైతే, ఏ ఏడాది తెచ్చారన్న దానితో నిమిత్తం లేకుండా పన్ను లెక్కలోకి రావచ్చన్న నియమం అమల్లోకి వచ్చింది.

ఖర్చు తక్కువ అన్న వాదనలోని బలహీనత వైద్యంలో మరీ తేటతెల్లం. 2001–02లో మొదలై 30 బాట్‌ల పథకంగా పేరు పొందిన సార్వత్రిక ఆరోగ్య రక్షణ థాయ్ పౌరులకే. అమెరికన్ మెడికేర్ విదేశాల్లో పనిచేయదు. ప్రైవేటు బీమా ప్రీమియం డెబ్భై దాటాక గుండె ఝల్లుమనేలా ఉంటుంది, పాత జబ్బులకు వర్తించదు కూడా. మంచం పట్టిన రోజున ఫరాంగ్‌కు మిగిలేది ప్రభుత్వాసుపత్రిలో డబ్బు చెల్లించి తీసుకునే చికిత్స, అతని మంచం పక్కన చాప పరుచుకుని పడుకునే భార్య తరఫు బంధువులు. ఖర్చు తక్కువ కావడం వల్ల వృద్ధాప్యం గట్టెక్కదు. చూసుకునే మనుషులుంటేనే గట్టెక్కుతుంది.

అభ్యంతరాలు

ఈ వాదన మీద మూడు అభ్యంతరాలు బలమైనవి. మొదటిది, ఫరాంగ్‌లందరూ అల్లుళ్లు కారు. బడుల్లో ఇంగ్లీషు చెప్పే యువకులు, ఒంటరి పింఛనుదార్లు, భార్యాభర్తలిద్దరూ విదేశీయులైన జంటలు, అతిథి గృహాలు నడిపేవారు కూడా నది ఒడ్డు వీధుల్లో కనిపిస్తారు. నిజమే. కానీ వాళ్ల ఉనికి కూడా ఎవరో ఒక స్థానికుడి మీదే నిలబడింది. ఉపాధ్యాయుడి అనుమతికి బడి పూచీ, అద్దెకున్నవాడి చిరునామాకు యజమాని పూచీ, విదేశీయుడు పెట్టే మామూలు వ్యాపారంలో సగానికి పైగా వాటా థాయ్‌లదే. మధ్యవర్తి మారాడు తప్ప మధ్యవర్తిత్వం తప్పలేదు. వీళ్లలో ఎక్కువమంది కొన్నేళ్లకు ఊరు మారుస్తారు. పాతుకుపోయేవాళ్లు మాత్రం ఏదో ఇంట్లో భాగమైనవాళ్లే.

రెండోది ఇంకా తీవ్రమైంది. ఒకరి నెల పింఛను ఇంకొకరి పంట మీద ఏడాది రాబడిని మించినప్పుడు, ఆ బంధాన్ని ఇల్లరికమనడం అసమానతకు అందమైన ముసుగు వేయడం కాదా? డబ్బు ఇంట్లో మాట చెల్లించుకుంటుందన్నది కాదనలేం. వయసు తేడా, భాష తేడా, భర్త అర్ధాంతరంగా వెళ్లిపోతే భార్య తరఫు వాళ్లంతా వీధిన పడే ప్రమాదం కూడా కళ్లెదుట ఉన్నవే. అయితే ఇక్కడ ఉన్నవి ఎదురెదురు దిశల్లో లాగే రెండు అసమానతలు. డబ్బు అతనిది, నేల, భాష, చుట్టాలు, పౌరసత్వం ఆమెవి. వలస పాలకుడికి రెండూ ఉండేవి, అందుకే అతను దొర. ఫరాంగ్‌కు ఒక్కటే ఉంది, అదీ మారకపు రేటును బట్టి తరుగుతుంటుంది. రెండు అసమానతలు ఒకదాన్నొకటి కొట్టేస్తాయని చెప్పలేం. ఇద్దరూ చెరొక రకంగా నష్టపోగలరు, నష్టపోతున్నారు కూడా. దోపిడీ అన్న ఒక్క మాట ఈ రెండు నష్టాల్లో ఒకదాన్నే చూపిస్తుంది.

మూడోది, థాయ్ ప్రభుత్వం ఇప్పుడు దీర్ఘకాల నివాసాన్ని ప్రోత్సహిస్తోంది కదా అన్నది. 2022లో పదేళ్ల వీసా వచ్చిన మాట వాస్తవం. కానీ అందులో సంపన్న పింఛనుదార్ల విభాగానికి ఏడాదికి 80,000 డాలర్ల ఆదాయం ఉండాలి, లేదా అందులో సగం ఆదాయంతో పాటు థాయ్‌లాండ్‌లో 2,50,000 డాలర్ల పెట్టుబడి చూపాలి. శాశ్వత నివాసం ఒక్కో దేశస్థులకు ఏటా 100 మందికి మించి ఇవ్వరు; పింఛను మీద బతికేవాడికి ఆ దారి దాదాపు మూసుకున్నట్టే. ఈ తలుపులు సంపన్నుల కోసం తెరిచినవి. నాంగ్ ఖాయ్ పల్లెల్లోని మామూలు పింఛనుదారుడికి అత్తింటి గుమ్మమే దిక్కు.

తరువాతి తరం

వియత్నామీయుల కథతో ఫరాంగ్‌ల కథను పోలిస్తే తేడా ఎక్కడుందో తెలుస్తుంది. వాళ్లు కాగితాలు లేకుండా, చేతిలో చిల్లిగవ్వ లేకుండా, యువకులుగా వచ్చారు. మూడు తరాల్లో ఊరివాళ్లయ్యారు. వీళ్లు కాగితాలతో, పింఛనుతో, జీవితపు చివరి అంకంలో వచ్చారు. ఆ వయసులో వచ్చినవాళ్లు గనుక ఒక్క తరంలో ఊరివాళ్లు కావడం సాధ్యపడదు. చట్టం అడ్డు చెప్పనిది ఒక్క చోటే. పౌరసత్వ చట్టానికి 1992లో చేసిన సవరణ తరువాత తల్లి గానీ తండ్రి గానీ థాయ్ అయితే బిడ్డ పుట్టుకతోనే థాయ్. తండ్రి కొనలేని నేలను ఆ బిడ్డ వారసత్వంగా పొందగలడు. తండ్రి 90 రోజులకోసారి హాజరు వేయించుకునే ఊళ్లో ఓటు వేయగలడు. తండ్రికి దొరికే అత్యంత దగ్గరి గుర్తింపు విదేశీయులకిచ్చే పసుపు రంగు ఇంటి నమోదు పుస్తకం. బిడ్డ పేరు కుటుంబపు నీలం పుస్తకంలోనే చేరుతుంది.

అందుకే ఈ తరహా ఊళ్లను చౌక ధరల పట్టికలతో కొలిచి, విరమణకు అనువైనవని ర్యాంకులు ఇవ్వడం అసలు విషయాన్ని వదిలేయడమే. ధరలు పెరుగుతాయి, పౌండు పడుతుంది, వీసా నియమాలు మారుతూనే ఉంటాయి. గత మూడు దశాబ్దాల్లో ఈ మూడూ జరిగాయి, అయినా కాపురాలు సాగాయి. సాగించింది పింఛను ఒక్కటే కాదు, దాన్ని కుటుంబ బాధ్యతగా మలుచుకున్న ఈసాన్ ఇంటి కట్టుబాటు. ఆ కట్టుబాటులో తన చోటేదో తెలుసుకున్న విదేశీయుడికి నాంగ్ ఖాయ్‌లో వృద్ధాప్యం భద్రంగా గడిచే అవకాశం ఉంది. తాను ఇల్లు కొన్నానని, ఊరిని ఎంచుకున్నానని నమ్మేవాడికి మాత్రం ఆ భద్రత బ్యాంకు నిల్వ ఉన్నన్నాళ్లే.